పదకొండేళ్లుగా చెయ్యెత్తలేదు

చెంప పేలింది.

ఆ చప్పుడు నా చెయ్యి చేసిందే. అయినా ఎక్కడి నుంచో వచ్చినట్టు ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. హాల్లో నలభై ముగ్గురు టీచర్లు, సేవాక్లబ్బు వాళ్లు ఆరుగురు, ముందు వరసలో విద్యాశాఖ అధికారి. వాళ్లందరి కళ్లెదుట, చిన్న బల్లకు అవతల, ముందు పళ్లు రెండు ఊడిన ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల ఎడమ చెంప మీద నా వేళ్లు నాలుగూ ఎర్రగా తేలుతున్నాయి. నా వెనక గోడకు కట్టిన గుడ్డ మీద వాళ్ల లిపిలో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. వాటి అర్థం మాకు మొదటిరోజే చెప్పారు: "దెబ్బ లేని చదువు."

నేను కొట్టాను. కొట్టకూడదని నేర్పడానికి సముద్రం దాటి వచ్చినదాన్ని, నేనే కొట్టాను.

నమ్మేట్టు చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని నేను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మా అత్తగారు నన్ను అగ్గిపెట్టె అనీ, నా తోడికోడలిని నీళ్లకుండ అనీ పిలిచేది. "రెండూ ఒక ఇంట్లో ఉండటమే మంచిదిలే, కొంప తగలబడకుండా ఉంటుంది" అనేది. తోడికోడలు కూడా టీచరే, నాకంటే ఆరు నెలలు చిన్న. ఇద్దరం రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఒకరి తప్పులు ఒకరు ఎంచుకోవడం ఇష్టంలేక, పరాయి దేశాల్లో టీచర్లకు ఉచితంగా శిక్షణ ఇచ్చే బృందంలో చేరాం. అలా ఈ ఊరికి వచ్చాం.

మమ్మల్ని పిలిచింది ఇక్కడి సేవాక్లబ్బు. దాని అధ్యక్షుడు పళ్లడాక్టరు. మాట్లాడుతున్నంతసేపూ మన పళ్లవంకే చూస్తాడుగానీ మంచివాడు. హాలు, బస, భోజనం అన్నీ క్లబ్బు ఏర్పాటే. మందుల షాపు నడిపే ఒకావిడ మాకు దుబాసీ. నేను పలికినదాన్ని ఆవిడ వాళ్ల భాషలోకి ఎంత వేగంగా మార్చేదంటే, నేను దగ్గితే అదీ అనువాదం చేస్తుందేమోనని మా తోడికోడలు నవ్వేది. లెక్కల పాఠాలకు గుండీలు కావాలని అడిగితే, క్లబ్బు సభ్యులు ఊళ్లోని దర్జీల చుట్టూ తిరిగి రెండు గోనెసంచుల పాత గుండీలు తెచ్చిపడేశారు.

పన్నెండు రోజుల శిక్షణ. నలభై ముగ్గురు టీచర్లు మొదటిరోజు చేతిసంచీతోపాటు బెత్తం కూడా తెచ్చారు. తప్పుపట్టలేను, మేస్త్రీ తాపీ తెచ్చుకున్నట్టే అది. రెండో రోజు నేను గొంతెత్తి చెప్పాను: "పదకొండేళ్లుగా నేను ఏ పిల్లమీదా చెయ్యెత్తలేదు. నాకంటే కోపిష్టి ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? నావల్ల అయితే మీవల్ల కాదా?" ఆ మాటకు వాళ్లు నవ్వారు, తర్వాత ఆలోచించారు. మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే అదే మాటతో మొదలుపెట్టేదాన్ని. నాలుగో రోజుకి దుబాసీకి అది కంఠతా వచ్చేసింది. నేను నోరు తెరవకముందే చెప్పేసేది.

అందరికంటే ముందు బెత్తం తీసి కిటికీలోంచి అవతల పారేసింది ఒక నడివయసు టీచరు. ఎప్పుడూ మెడకు నీలి స్కార్ఫు చుట్టుకునేది. మాటలు తక్కువ. ఆవిడ క్లాసులో యాభై రెండుమంది. మధ్యాహ్నాల దాకా మా దగ్గర శిక్షణ, ఆ తర్వాత తన బడి. నేర్చుకున్నదాన్ని అదే రోజు వెళ్లి తన క్లాసులో చేసేది. వారం తిరిగేసరికి ఆవిడ హెడ్మాస్టరు పిలిచి, "క్లాసు సంతలా ఉంది. బెత్తం పట్టుకుంటావా, వేరే బడి చూసుకుంటావా?" అన్నాడట. ఆ సంగతి ఆవిడ నాతో చెప్పుకుని, "మీరు చెప్పింది నమ్మాను మేడం. కాగితం ఒకటి వస్తే నిలబడతాను" అంది.

ఆ కాగితం అధికారి చేతిలో ఉంది. జిల్లాలో రెండువందల పది బడులకు బెత్తం నిషేధిస్తూ ఉత్తర్వు. ముసాయిదా తయారైంది, సంతకమే మిగిలింది. ఆయన మొహమాటం లేకుండా ఒక షరతు పెట్టాడు: "ఉపన్యాసాలు చాలా విన్నాను. అల్లరి పిల్లల్ని పన్నెండుమందిని ఇస్తాం. గంటసేపు పాఠం చెప్పండి. దెబ్బ లేకుండా కుదురుతుందని నా కళ్లతో చూస్తే సంతకం పెడతాను." పిల్లల్ని నీలి స్కార్ఫు టీచరే తన క్లాసు నుంచి ఏరి తెచ్చింది. ఆఖరి రోజు, ఆఖరి గంట, ఆ పాఠం.

"నేను చెప్పనా అక్కా?" అని తోడికోడలు ముందురోజు అడిగింది.

"ఎందుకు? నాకు చేతకాదనా?" అన్నాను. నీళ్లకుండ వెళ్లి గుండీలు పదేసి చొప్పున వేరుచేయడం మొదలుపెట్టింది.

పాఠం బాగానే మొదలైంది. సీసా మూతలో పది గుండీలు పోస్తే ఒక పది. అలాంటి మూతలు మూడు, విడిగా నాలుగు గుండీలు, అంటే ముప్పై నాలుగు. పిల్లలు గుండీల మీదకు వంగి వేళ్లతో లెక్కపెడుతున్నారు. పళ్లూడిన పిల్ల తన మూతను బోర్లించింది. గుండీలు బల్ల మీద చెదిరిపోయాయి. పిల్లలు ఘొల్లుమన్నారు. నేను నవ్వి, మళ్లీ నింపించాను. రెండోసారి బోర్లించింది. అప్పుడూ నవ్వాను. కానీ మొహం మీద నలభై ముగ్గురి చూపులు తగులుతున్నాయి. అధికారి కుర్చీలో కాలు మార్చుకున్నాడు. మూడోసారి ఆ పిల్ల మూతను చేతిలోకి తీసుకుని, నా కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా వంచింది. అల్లరే, శుద్ధ అల్లరి. గుండీలు ఒక్కొక్కటే టపటపా నేలమీద పడ్డాయి.

ఆ తర్వాత చెంప పేలింది. మధ్యలో నేను ఆలోచించింది ఏమీ లేదు. కోపం వచ్చిందని కూడా తెలియలేదు. చెయ్యి తనంతట తాను వెళ్లి తన పని చేసుకుని వచ్చింది.

కొయ్యబారిపోయి నిలబడ్డాను. హాలంతా ఛీకొడుతుందనుకున్నాను. ఎవరో ఒకరు లేచి "ఇదేనా మీ చదువు" అంటారనుకున్నాను. అనుంటే బాగుండేది.

వెనక వరసలో ఒక పెద్దాయన ముందు నవ్వాడు. ఎగతాళి కాదది, బరువు దించుకున్న మనిషి నవ్వు. పక్కనున్నావిడ కూడా నవ్వింది. పన్నెండు రోజులుగా బిగదీసుకుని కూర్చున్న భుజాలన్నీ ఒక్కసారి దిగడం నేను చూశాను. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు కలిశారు. చూస్తుండగానే హాలు మోగిపోయింది. నాకు చప్పట్లు కొడుతున్నారు! పిల్లను కొట్టినందుకు! ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత ఘోరమైన మెప్పు నాకెప్పుడూ రాలేదు. తల కొట్టేసినట్టయింది.

ఇద్దరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒకరు నా తోడికోడలు. ఇంకొకరు నీలి స్కార్ఫు టీచరు. ఆవిడ నన్ను చూడటం లేదు, పిల్లను చూస్తోంది. పిల్ల ఏడవలేదు. కింద కూర్చుని గుండీలు ఏరుతోంది.

పళ్లడాక్టరు గబగబా లేచి, "పదిహేను నిమిషాలు టీ విరామం" అని ప్రకటించాడు.

వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. చెయ్యి ఇంకా వేడిగానే ఉంది. తోడికోడలు వెనకే వచ్చి నిలబడింది.

"ఏమిటే ఇది? పదకొండేళ్లు!" అన్నాను. "పదకొండేళ్లుగా ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఒట్టు. నీకు తెలుసు కదా."

"తెలుసక్కా."

"మరి ఇవాళ ఏ దయ్యం పట్టింది?"

ఆమె చెప్పాలా వద్దా అని తూచుకుంటోందని తెలుస్తూనే ఉంది. "అక్కా, ఆ పదకొండేళ్లూ నువ్వు హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఉన్నావు కదా. క్లాసుకు వెళ్లలేదు" అంది.

ఎవరో చాలాకాలంగా నా ఇంట్లో ఉంటున్నారనీ, నాకే ఇన్నాళ్లూ తెలియలేదనీ చెప్పినట్టుంది. ఇరవై మూడేళ్లు క్లాసు. పదకొండేళ్లు గది, బల్ల, రిజిస్టర్లు. ఆ గదిలో నా ఎదుట నిలబడ్డవాళ్లందరూ టీచర్లూ గుమాస్తాలే. కొట్టడానికి పిల్లలేరీ? అబద్ధం చెప్పలేదు నేను. నిజమే చెప్పాను, రోజూ పొద్దున్నే, దుబాసీని పెట్టి మరీ. ఆ నిజం కింద ఏమీ లేదని నాకే తెలియదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పనక్కా? నీ మాట విని వాళ్లు బెత్తాలు పారేస్తున్నారు. ఎలా వచ్చినా మంచే వస్తోంది కదా అనుకున్నాను. నాదీ తప్పే."

ఆ ఇరవై మూడేళ్లలో ఎన్ని దెబ్బలో! దండం దశగుణం అని నమ్మిన తరం మాది. పాత విద్యార్థులు పెళ్లిళ్లలో కనిపించి కాళ్లకు దణ్ణం పెట్టి, "మీ దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి టీచరుగారూ" అంటే మురిసిపోయేదాన్ని. అలా అనడానికి రానివాళ్ల సంగతి ఒక్కసారీ తలుచుకోలేదు.

పళ్లడాక్టరు వచ్చి, అధికారి రమ్మంటున్నాడని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాడు. ఉత్తర్వు చింపి చేతిలో పెడతాడనుకున్నాను. ఆయన టీ తాగుతూ సంతోషంగా ఉన్నాడు. దుబాసీ మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"మేడం, నిజం చెబుతాను. ఇన్నాళ్లూ మీ పద్ధతి పుస్తకాల్లో తప్ప పనికిరాదనుకున్నాను. ఇవాళ చూశాక అనుమానం తీరింది. మీరూ మాలాంటి టీచరే" అని కాగితం నా వైపు జరిపాడు. "సంతకం పెట్టేస్తున్నాను. ఒక్క వాక్యం కలిపాను."

ముసాయిదా మొదటి అంశం కింద చేతిరాతతో కొత్త వాక్యం ఉంది. దుబాసీ చదివింది. చదువుతుంటే ఆవిడ గొంతు తగ్గిపోయింది: "అవసరమైన సందర్భంలో, శిక్షకురాలు ఆచరణలో చూపిన విధంగా, అరచేత్తో ఒక దెబ్బకు అనుమతి ఉంది."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. అవే మాటలు. రెండువందల పది బడులు. ప్రతి బడిలో గోడకు ఈ కాగితం అతికిస్తారు. ఇక ఏ పిల్ల చెంప పేలినా అది నేను నేర్పిన పాఠమే.

"ఇది తీసెయ్యండి. నేను చూపించలేదు. తప్పు చేశాను" అన్నాను.

"తప్పేముంది? అల్లరి ఆగింది. పిల్ల కుదురుగా కూర్చుంది."

పళ్లడాక్టరు తనకు వచ్చీరాని ఇంగ్లీషులో నా చెవిలో గొణిగాడు: "ఒప్పుకోండి మేడం. బెత్తం పోతుంది కదా. సగమైనా దక్కనివ్వండి. ఈ వాక్యం తీసేస్తే ఆయన కాగితమంతా సొరుగులో పడేస్తాడు. మూడేళ్లుగా దీనికోసం తిరుగుతున్నాం."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నీలి స్కార్ఫు టీచరు హెడ్మాస్టరుకు చూపించాల్సింది కూడా ఈ కాగితమే. ఒక్క క్షణం ఊగిసలాడాను. దాచను.

"మూడో అంశం చదవండి" అన్నాను దుబాసీతో.

మూడో అంశం: ప్రతి బడిలో ఒక నోట్‌బుక్కు ఉండాలి, ఎవరు పిల్లను కొట్టినా అందులో రాయాలి. నాలుగో అంశం: అందులో పేరెక్కిన వారి శిక్షణ పత్రం రద్దవుతుంది, వారు ఇంకొకరికి శిక్షణ ఇవ్వడానికి వీల్లేదు. ఆ నాలుగోదాన్ని పట్టుబట్టి పెట్టించింది నేనే. మరీ కఠినంగా ఉందని తోడికోడలు అంటే, ఆమె మీదే కసిరాను.

"నా పేరు మొదట రాయించండి" అన్నాను. "అప్పుడు నేను చేసింది ఆచరణ కాదు, నేరం. నేరాన్ని చూసి అనుమతి ఇవ్వరు కదా మీరు."

అధికారి కప్పు కింద పెట్టాడు. "మీరు అతిథులు. వచ్చే రెండేళ్లూ మీరే రావాలని క్లబ్బు ఏర్పాట్లు చేసుకుంది. పేరెక్కితే మళ్లీ రాలేరు. ఇక్కడికే కాదు, మీ బృందానికీ రాసి పంపాలి."

"పంపండి."

"కోపంలో అంటున్నారు."

"కోపంలో చేసింది హాల్లోనే అయిపోయింది. ఇది కోపం కాదు."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. నేను బెదిరిస్తున్నానో బతిమాలుతున్నానో ఆయనకు అంతుపట్టలేదు. నాకూ తెలియదు. చివరికి, "సరే. రాయించుకుని సంతకం పెట్టి ఆ నోట్‌బుక్కు నాకు చూపించండి. ఈ వాక్యం తీసేసి మిగతాది సంతకం పెడతాను. నోట్‌బుక్కు రాకపోతే ఈ వాక్యంతోనే వెళ్తుంది" అన్నాడు.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి టీచర్లు హుషారుగా మాట్లాడుకుంటున్నారు. ఒకాయన నన్ను చూసి తన అరచెయ్యి గాల్లో ఊపి కన్నుగీటాడు. మనమంతా ఒకటే అని. దాని బదులు నన్ను చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది.

పిల్ల బల్ల దగ్గరే ఉంది. నేను దగ్గరకు వెళ్లేసరికి లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే, అరచెయ్యి చాచింది. కళ్లు మూసుకుని మొహం పక్కకు తిప్పుకుంది. మిగతాది కూడా వేసేసుకో అన్నట్టు.

నేను నేలమీద మోకాళ్ల మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పి మనిషిని, దబ్బున కూలబడ్డాను. "నిన్ను కొట్టాను. తప్పు నాది. నువ్వేం చేసినా నేను కొట్టకూడదు. క్షమించు" అన్నాను.

దుబాసీ నా వైపు వంగింది. "మా దగ్గర టీచరు పిల్లతో ఇలా చెప్పదు మేడం" అంది మెల్లగా.

"మా దగ్గరా చెప్పదు. చెప్పండి."

చెప్పింది. పిల్ల కళ్లు తెరిచి ముందు నన్ను, తర్వాత తన టీచర్ని, తర్వాత హాలంతా చూసింది, ఇది ఏ ఆటో తెలుసుకుందామన్నట్టు. ఎవరూ నవ్వలేదు. చాచిన చెయ్యి నెమ్మదిగా దించింది. నీళ్లు తాగడానికి వెళ్లొచ్చా అని అడిగింది. క్షమించానని అనలేదు. అనాలని నేనెందుకు అనుకున్నానో!

లేచి, టీచర్లవైపు తిరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదకొండేళ్లూ నేను క్లాసులో లేనని, గదిలో ఉన్నానని. నేను చెప్పిన పద్ధతి మంచిదే కానీ, నేనింకా నేర్చుకోలేదని. చప్పట్లు కొట్టినవాళ్లు తలలు దించుకున్నారు. కన్నుగీటినాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మిగిలిన పాఠం తోడికోడలు చెబుతుందని చెప్పాను. ఆమె అప్పటికే నేలమీద పాక్కుంటూ పిల్లలతో కలిసి గుండీలు ఏరుతోంది.

కొత్త నోట్‌బుక్కు నీలి స్కార్ఫు టీచరు దగ్గర ఉంది. గీతలు గీసి సిద్ధం చేసే పని మూడు రోజుల కిందట ఆవిడకే అప్పగించాం. మూల బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీ తెరిచింది. దుబాసీ నా పక్కన నిలబడింది. ఆవిడ నన్ను ఓదారుస్తుందని ఆశపడ్డాను. కనీసం తిడుతుందనుకున్నాను. ఏదీ లేదు. తలెత్తకుండా నా పేరు రాసింది. తేదీ వేసింది. పిల్ల పేరు రాసింది.

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

రాసింది. నోట్‌బుక్కు సంతకానికి నా వైపు తిప్పింది.

"మూడుసార్లు బోర్లించింది. రెండుసార్లు ఓర్చుకున్నాను. మూడోసారి నా కళ్లలోకి చూస్తూ..." నా నోరు నన్ను అడక్కుండానే మొదలుపెట్టింది.

నీలి స్కార్ఫు టీచరు అప్పుడు తలెత్తింది. పేజీ మీద వేలు పెట్టి ఒక్కో గడీ చూపించింది. నాలుగే గడులు.

"కారణం రాయడానికి గడి లేదు మేడం" అంది. "గడి పెడితే ప్రతివాళ్లకీ ఓ కారణం దొరుకుతుందని మీరే వద్దన్నారు."

దుబాసీ ఆ మాట నాకు చెప్పేటప్పుడు నా వంక చూడలేదు. చెప్పాల్సిన కారణం ఇంకా సగం నా నోట్లోనే ఉంది. దాన్ని మింగి, కలం తీసుకుని, నా పేరు పక్కన సంతకం పెట్టాను.